ఎర్ర బల్బు కింద: మీ ప్రశ్నలు, ఒక ఫొటోగ్రాఫర్ జవాబులు

ఈ నెల ప్రశ్నలన్నీ ఫొటోల గురించే అడగమన్నారు సంపాదకులు. ఉత్తరాలు సంచెడు వచ్చాయి. జవాబులు చెప్పే నేనెవరో ఒక ముక్క. శ్రీకాకుళం నుంచి ఒక దినపత్రికకు ముప్పై ఒక్క ఏళ్లు ఫొటోలు పంపాను. మొదట్లో రీలు కడిగి, ప్రింటు ఆరీ ఆరకముందే కవర్లో పెట్టి, సాయంత్రం విశాఖ బస్సు కండక్టరు చేతికిచ్చేవాణ్ణి. కవరు చేరితే వార్త. చేరకపోతే జిల్లాలో ఆ రోజు ఏమీ జరగనట్టే. ఇప్పుడు ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర చిన్న స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోలు తీస్తున్నాను. "గడ్డం కొంచెం దించండి, నవ్వకండి" అని రోజుకి నలభై సార్లు అంటాను. ఒకప్పుడు ఫొటోలు కడిగిన డార్క్‌రూమ్‌లో ఇప్పుడు అట్టపెట్టెలు, విరిగిన స్టాండ్లు ఉన్నాయి. ఎర్ర బల్బు మాత్రం తియ్యలేదు.

ఎదురుగా ప్రాణం పోతుంటే ఫొటో తియ్యడానికి చేతులెలా వస్తాయి సార్? కెమెరా పక్కన పడేసి సాయం చెయ్యొద్దా? కూలబడ్డ పసిబిడ్డ వెనక రాబందు కాచుకున్న ఫొటో చూసినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు.
– డిగ్రీ విద్యార్థిని, బొబ్బిలి

అమ్మా, ఆ ఫొటో తీసినతను దక్షిణాఫ్రికా వాడు, కెవిన్ కార్టర్. 1993 మార్చిలో సూడాన్‌లోని అయోడ్ అనే ఊళ్లో తీశాడు. ఆ ప్రాంతం ఇప్పుడు దక్షిణ సూడాన్‌లో ఉంది. అప్పుడక్కడ కరువూ, అంతర్యుద్ధమూ రెండూ ఉన్నాయి. ఫొటోని న్యూయార్క్ టైమ్స్ వేసింది. ఆ బిడ్డ ఏమైందని జనం ఒకటే ఫోన్లు. 1994లో దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. అదే ఏడు జూలైలో కార్టర్ ఆత్మహత్య చేసుకున్నాడు. అప్పటికి ముప్పై మూడేళ్లు. "చూశావా, ఉసురు తగిలింది" అని కథ ఇక్కడితో ముగించేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు ఆ మాట గిట్టదు.

ఆ ఫొటో ఇంకొక్కసారి తెరిచి బిడ్డ మణికట్టు చూడు. తెల్లటి ప్లాస్టిక్ పట్టీ కనిపిస్తుంది. తిండి పెట్టే కేంద్రంలో పేరు రాసుకున్న పిల్లలకి కట్టే పట్టీ అది. అంటే ఆ బిడ్డ అప్పటికే ఎవరో ఒకరి లెక్కలో ఉంది. చాలా ఏళ్లకి స్పెయిన్ విలేకరులు ఆ ఊరు వెళ్లి ఆరా తీస్తే, అందరూ ఆడపిల్ల అనుకున్న ఆ బిడ్డ మగపిల్లాడని, ఆ కరువు గట్టెక్కి బతికాడని తేలింది. జ్వరంతో పోయాడట, కానీ అది చాలా ఏళ్ల తర్వాత. పట్టీ ఫొటోలోనే ఉంది. మనం రాబందుని చూశాం, దాన్ని చూడలేదు.

ఇటు సాయం చేసినవాళ్లూ ఉన్నారు. 1972 జూన్ 8న వియత్నాంలో ట్రాంగ్ బాంగ్ అనే ఊరి మీద నాపామ్ బాంబులు పడ్డాయి. ఒళ్లు కాలి, బట్టల్లేకుండా రోడ్డు మీద పరుగెత్తుకొచ్చిన తొమ్మిదేళ్ల కిమ్ ఫుక్ ఫొటో నువ్వు చూసే ఉంటావు. అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) అనే అమెరికా వార్తాసంస్థ ఫొటోగ్రాఫర్ నిక్ ఉట్ ఆ పిల్లని బండిలో ఆస్పత్రికి చేర్చాడు, ఆ తర్వాతే రీలు ఇవ్వడానికి ఆఫీసుకి వెళ్లాడు. ఆ ఫొటో అసలు ఎవరు తీశారని 2025లో వివాదం లేచింది. వరల్డ్ ప్రెస్ ఫొటో సంస్థ ఉట్ పేరుని పక్కన పెట్టింది. ఏపీ మాత్రం మార్చలేదు. ఎవరి వేలు బటన్ నొక్కిందో తేలినా తేలకపోయినా, ఆ బండి ఆస్పత్రికి వెళ్లింది కదా, నాకు కావలసింది అది.

నా సంగతి అడుగుతావేమో. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తెల్లారి ఉద్దానం వెళ్లాను. కొబ్బరి, జీడి తోటలు దువ్వెనతో ఒక పక్కకి దువ్వినట్టు పడి ఉన్నాయి. ఒక పెరట్లో ఆవు మీద కొబ్బరిచెట్టు పడింది. ఆవు బతికే ఉంది, చెవి ఒక్కటి ఆడుతోంది. ముగ్గురు మగవాళ్లు చెట్టు పక్కన ఊరికే నిలబడి ఉన్నారు. ముందు ఫొటో తీశాను, వంగి ఇంకోటి తీశాను. వాళ్లలో ముసలాయన అన్నాడు: "అయిపోనాదా బాబూ? అయితే ఓ సెయ్యెయ్యి. ముగ్గురికి లెగట్లేదు, నాలుగోవోడి కోసం సూస్తన్నాం." ఆ నాలుగోవాణ్ణి నేనే. వాళ్లు నిలబడ్డది నా గురించి. రెండు ఫొటోలకి పట్టిన సమయం మహా అయితే పది సెకన్లు, ఆవు కూడా లేచింది. అయినా ముందు ఏది, తర్వాత ఏది అన్నది నాకు గుర్తుండిపోయింది. నీకు నిద్ర పట్టకపోవడం తప్పేమీ కాదమ్మా.

లాఠీచార్జి జరిగేటప్పుడు ఎక్కడ నిలబడాలన్నా? మొన్న ధర్నాలో నాకూ రెండు పడ్డాయి.
– కంట్రిబ్యూటర్, టెక్కలి

తమ్ముడూ, రెండు వరసల మధ్య మాత్రం నిలబడకు. అందరూ అక్కడికే పరుగెడతారు, ఫొటో అక్కడే ఉంటుందనుకుంటారు. ముందే వెళ్లి ఎవరిదైనా డాబా మెట్లో, షాపు అరుగో చూసుకో, ఆ షాపాయనతో టీ తాగి మాట కలుపు. వెనక గోడ ఉండాలి, పక్కన సందు ఉండాలి. తడి రుమాలు జేబులో పెట్టుకో. కాళ్లకి బూట్లు, చెప్పులు కాదు. మెమరీ కార్డు నిండినా నిండకపోయినా మధ్యలో మార్చి, మొదటిది సాక్సులో దోపుకో.

"ఫొటో బాగా రాలేదంటే నువ్వు తగినంత దగ్గరికి వెళ్లలేదన్నమాట" అన్న యుద్ధ ఫొటోగ్రాఫర్ రాబర్ట్ కాపా సూత్రం నువ్వు వినే ఉంటావు. కాపా 1954 మే 25న ఇండోచైనాలో (ఇప్పటి వియత్నాం) మందుపాతర మీద కాలేసి చనిపోయాడు. సూత్రం చెప్పేవాళ్లు రెండో సంగతి కూడా చెప్పాలి. మన ఫొటోగ్రాఫర్ డానిష్ సిద్దిఖీ కూడా 2021 జూలైలో అఫ్ఘానిస్తాన్‌లో స్పిన్ బోల్డక్ దగ్గర యుద్ధం మధ్యలో పని మీద ఉండగానే పోయాడు. మయన్మార్ నుంచి పారిపోయిన రోహింగ్యాల ఫొటోలకి 2018లో రాయిటర్స్ వార్తాసంస్థ బృందానికి పులిట్జర్ వచ్చింది, అందులో అతనూ ఉన్నాడు. వాటిలో ఒకటి చూడు: పడవ దిగిన ఒక స్త్రీ బంగ్లాదేశ్ ఒడ్డున కూలబడి తడి ఇసుకని అరచేత్తో తాకుతోంది. తుపాకీ లేదు, రక్తం లేదు. ఆవిడ ఎక్కడి నుంచి పారిపోయి వచ్చిందో ఆ అరచెయ్యి చెబుతోంది.

2010లో సోంపేట, 2011లో కాకరాపల్లి థర్మల్ ప్లాంట్ల గొడవల కాలం నుంచీ నేను గమనించింది ఒకటుంది. జనం చెదిరిపోయాక ఫొటోగ్రాఫర్లూ వెళ్లిపోతారు. నువ్వు ఒక పావుగంట ఉండు. ఒకసారి అలా ఉండిపోతే, ఖాళీ రోడ్డు నిండా చెప్పులు. ఒక జత మరీ కొత్తది, మడమ దగ్గర ధర చీటీ ఇంకా ఊడలేదు. అవి తీస్తుంటే ఒక ముసలమ్మ వచ్చి, "నా ఎడంకాలిది కనబడినాదేటి బాబూ, నీలం పట్టీ?" అని అడిగింది. ఇద్దరం కలిసి వెతికాం. కాలవలో దొరికింది. పత్రిక ఆఫీసు డెస్క్ వాళ్లు లాఠీ ఎత్తిన ఫొటో వేశారనుకో, అది వేరే సంగతి.

"శాంతి" అనే అంశం మీద ఫొటోల పోటీకి మా మనవడు పంపుతానంటున్నాడు. పావురాలు, సూర్యోదయాలు వద్దని నియమం పెట్టారు. అవి లేకుండా శాంతిని ఎలా చూపిస్తారు?
– రిటైర్డ్ టీచర్, విజయనగరం

మాస్టారూ, ఆ నియమం పెట్టినవాళ్లకి దండం పెట్టాలి. నెహ్రూ పావురాన్ని ఎగరేస్తున్న ఫొటో మన దేశపు మొదటి మహిళా ప్రెస్ ఫొటోగ్రాఫర్ హోమాయ్ వ్యారావాలా ఎప్పుడో తీసేశారు. అంతకంటే బాగా మీ మనవడూ తియ్యలేడు, నేనూ తియ్యలేను.

గొడవ ఫొటో ఒక విధంగా సులువండి. గొడవ మీకోసం తనంతట తనే నడిచొస్తుంది. శాంతి రాదు, మీరే వెళ్లి దాని ఇంట్లో కూర్చోవాలి. 1946లో అమెరికా ఫొటోగ్రాఫర్ మార్గరెట్ బోర్క్‌వైట్ గాంధీగారి ఫొటో తియ్యడానికి పుణె వెళ్లింది. నీకు నూలు వడకడం వచ్చా అని అడిగారు గాంధీగారి దగ్గరివాళ్లు. రాదంది. అయితే నేర్చుకుని రమ్మన్నారు. తీరా లోపలికి పంపేటప్పుడు మూడే ఫ్లాష్ బల్బులు వాడమన్నారు. మొదటి రెండుసార్లూ ఫొటో కుదరలేదు, మూడోదానికి వచ్చింది. ఆ ఫొటో మనందరికీ తెలుసు, కానీ చాలామంది సరిగ్గా చూడలేదు. అందులో గాంధీగారు నూలు వడకడం లేదు. వెనకాల కూర్చుని తల వంచి ఏవో కాగితాలు చదువుకుంటున్నారు. ముందు పెద్దగా ఉన్నది రాట్నం. అదే ఏడు ఆగస్టులో కలకత్తా అల్లర్ల తర్వాత వీధుల్లో శవాలని, గోడల మీద రాబందులని తీసింది కూడా ఆవిడే.

ఈ రాట్నం కథ తెలుసుకునే నేను పొందూరు వెళ్లాను. పొందూరు సన్న ఖాదీకి కొండపత్తి వాడతారు. గింజని అంటుకున్న దూదిని దేంతో దువ్వుతారో చూశారా? వాలుగ చేప దవడ ఎముకతో. అరచేతిలో ఇమిడిపోతుంది, అంచున సన్నటి పళ్లు, చంటిపిల్లల దువ్వెన కన్నా సన్నం. ఒకామె అరుగు మీద కూర్చుని దువ్వుతోంది. దూది పొగలా లేస్తోంది. నేను కెమెరా ఎత్తగానే చెంగు సవరించుకుని, నిటారుగా కూర్చుని, నా వైపు చూసింది. స్టూడియో ఫొటో అయిపోయింది. రెండో రోజూ అంతే. మూడో రోజు నేనే అడిగి ఆ దవడ చేతిలోకి తీసుకున్నాను. రెండు నిమిషాల్లో బొటనవేలికి గుచ్చుకుంది. "ఫొటోలు తీసీ సేతులు, పత్తికేటి పనికొత్తాయి" అని నవ్వి, లాక్కుని, తన పనిలో పడింది. వేలు నోట్లో పెట్టుకుని ఎడంచేత్తో నొక్కాను. కొంచెం వంకరగా వచ్చింది. ఆ రీలు మొత్తంలో పనికొచ్చింది అదొక్కటే.

మీ మనవడికి పొందూరు దూరమైతే, బొబ్బిలి దగ్గర గొల్లపల్లికి పంపండి. పనస దుంగని తొలిచి వీణ చేస్తారు. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం జరిగిన గడ్డకి కూతవేటు దూరం. కానీ ఫొటో కింద "కత్తుల గడ్డపై వీణానాదం" అని మాత్రం రాయనివ్వకండి. పనసపొట్టు రాలుతున్న ఒళ్లో సగం చెక్కిన కుండ ఉంటే చాలు.

సిరిమాను ఫొటో ఫోన్లో ఎప్పుడు తీసినా కర్ర ముక్కలాగే వస్తోంది. ఎందుకు?
– ఇంటర్ విద్యార్థి, గజపతినగరం

కర్రనే తీస్తున్నావు కనుక! విజయనగరం పైడితల్లి పండగలో పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే ఆ పొడవాటి మాను, సాయంత్రం పూట, అమ్మవారి గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. మొదటిసారి నువ్వూ దండం పెట్టుకుని చూడు, ఫోను జేబులో ఉండనీ. రెండోసారికి సిరిమానుకి వీపు తిప్పి జనం ముఖాలు తియ్యి. అన్ని తలలూ ఒకేసారి పైకి లేస్తాయి, గాలిలో అరటిపళ్లు ఉంటాయి, ఎవరి భుజం మీదో చంటిది నిద్రపోతుంటుంది. మూడోసారికి ఎలాగూ చీకటి పడుతుంది. ఫోను జాగ్రత్త, దొంగలు కూడా పండక్కి వస్తారు.

మాది ఉద్దానం. ఆరేళ్ల కిందట డయాలసిస్ మంచం మీద ఉన్న మా నాన్నని ఎవరో ఫొటో తీశారు. నాన్న పోయి నాలుగేళ్లయింది. కిడ్నీ వార్త ఎప్పుడు రాసినా పేపర్లో ఆ ఫొటోయే వేస్తున్నారు. అమ్మ పేపరు చూడడం మానేసింది. మేం ఏం చెయ్యగలం?
– పేరు వద్దన్న పాఠకురాలు

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివి, లేచి వెళ్లి నా పాత సీడీలు చూసుకున్నాను. మీ నాన్నగారిది నా ఫొటో కాదు. కానీ అలాంటివి నా దగ్గరా ఉన్నాయి. డెస్క్ నుంచి "కిడ్నీ ఫైల్ ఫొటో ఒకటి పంపండి" అని, అంటే దాచిన పాత ఫొటో కావాలని, ఫోనొస్తే, మంచం మీది మనిషి ఉన్నాడో పోయాడో అడక్కుండా పంపినవాణ్ణి నేను కూడా. ఎన్నిసార్లో లెక్క లేదు.

2002లో అహ్మదాబాద్ అల్లర్లలో చేతులు జోడించి, కళ్లనిండా నీళ్లతో ప్రాణభిక్ష అడుగుతున్న కుతుబుద్దీన్ అన్సారీ ఫొటో గుర్తుందా? రాయిటర్స్‌కి ఆర్కో దత్తా తీశాడు. అన్సారీ దర్జీ పని చేసుకునే మనిషి. ఆ ఒక్క ఫొటో వల్ల ఎక్కడికెళ్లినా జనం గుర్తుపట్టడం, పని పోవడం, ఊరు విడిచి కొన్నాళ్లు కలకత్తాలో ఉండడం. ఆయన ముఖాన్ని పార్టీలు పోస్టర్లకి వాడుకున్నాయి. ఆ ఫొటో దేశానికి ఏదో చెప్పింది, నిజమే. ఆ మనిషిని మాత్రం ఆ ఒక్క సెకనులోనే కట్టేసింది.

ఇక పని సంగతి. ఫొటో హక్కు మామూలుగా తీసినవాళ్లకో పత్రికకో ఉంటుంది కనుక, మాది మాకిచ్చెయ్యండి అంటే కుదరదు. వాడొద్దని మాత్రం అడగొచ్చు. ఫోనులో వద్దు, కాగితం మీద రాయండి. ఫొటో వచ్చిన పేపర్ల తేదీలు, పేజీ నంబర్లు, కటింగుల జిరాక్సులు జత చేసి సంపాదకుడి పేరున స్పీడ్ పోస్టులో పంపండి. "ఈయన మా నాన్నగారు, ఫలానా తేదీన చనిపోయారు, ఈ ఫొటో ఇకపై వాడవద్దు" అన్న మూడు వాక్యాలు చాలు. ఫైల్ ఫొటోకి పేరుండదు కనుక డెస్క్‌లో అది కూడా ఒక బొమ్మే. మీ ఉత్తరం చేరితే దానికి పేరొస్తుంది, సగం చోట్ల అక్కడితో ఆగిపోతుంది. ఆగకపోతే ప్రెస్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చెయ్యొచ్చు. వాళ్లు ముందు సంపాదకుడికి రాశారా అని అడుగుతారు, అందుకే ఆ రసీదు దాచండి.

ఇంకో మాట, కాదనకండి. మీ నాన్నగారి మంచి ఫొటో, పెళ్లిదో రేషన్‌కార్డుదో, ఎంత పాడైందైనా నా స్టూడియోకి పంపండి, బాగుచేసి పెద్దది చేసి ఇస్తాను. డబ్బుల మాట వద్దు. చిరునామా పత్రిక ఆఫీసులో అడిగితే ఇస్తారు.

మీరు తీసినవాటిలో మీకు బాగా ఇష్టమై, పేపర్లో రానిది ఏదైనా ఉందా మావయ్యా?
– పదో తరగతి విద్యార్థిని, నరసన్నపేట

ఉందే అమ్మాయ్. 2018 నవంబరులో గుజరాత్ వైపు వేటకెళ్లిన మన మత్స్యకారుల్ని పాకిస్తాన్ వాళ్లు పట్టుకున్నారు. పద్నాలుగు నెలలు అక్కడి జైల్లో ఉండి, 2020 జనవరిలో ఇరవై మంది వాఘా సరిహద్దు దాటి వచ్చారు. వాళ్లలో ఒకతను ఇల్లు చేరే రోజు ఎచ్చెర్ల మండలంలో సముద్రం ఒడ్డునున్న వాళ్ల ఊరు వెళ్లాను. కార్లు, మైకులు, దండలు. కొడుకు తల్లిని కావలించుకునే ఫొటో కోసం అందరం తోసుకుంటున్నాం. ఒకాయన మళ్లీ ఒకసారి కావలించుకోమని కూడా అడిగాడు. అతని భార్య గుమ్మానికి అడ్డం నిలబడి చేతులు చాపింది. "ముందల అన్నం తిననివ్వండి బాబూ. అన్నం తిన్నాక మీ ఇష్టం" అంది.

వార్తకి టైమైపోతోందని చాలామంది వెళ్లిపోయారు. నేను పంచలో వలల మూట మీద కూర్చున్నాను. లోపల్నుంచి చేపల పులుసు వాసన వస్తోంది, మాటల్లేవు, గిన్నె చప్పుడే. చాలాసేపటికి ఆవిడ బయటికొచ్చి, గొంతు తగ్గించి, "తీస్కో, సప్పుడు సెయ్యకు" అంది. చూస్తే అతను గోడకి ఆనుకుని నిద్రపోయాడు. ఎంగిలి చెయ్యి కడుక్కోలేదు, కంచంలో నాలుగు మెతుకులున్నాయి, కూతురు ఆ చేతి వేలు ఒకటి పట్టుకుని పక్కన కూర్చుంది. లైటు చాలదు. ఫ్లాష్ వెయ్యబుద్ధి కాలేదు. ఒక్కటే తీశాను, కొంచెం మసకగా వచ్చింది.

రాత్రి డెస్క్ నుంచి ఫోను: "ఏంటండీ, కళ్లు మూసుకున్న ఫొటో పంపారు? కావలించుకున్నది లేదా?" ఆ వారం ప్రింటు వేయించి, ఫ్రేము కట్టించి ఇచ్చొచ్చాను. ఆవిడ చాలాసేపు చూసి, "ఈ సీర పాతది, సెప్తే మార్చుకుందును గదా" అంది. ఫొటోలో మూలన చీర చెంగు ఒక్కటే ఉంది.